పులుపు పంచాయితీ: చింతపండా, టమాటానా?

ఉప్పు మీద, కారం మీద వచ్చే తగవు ఎక్కువైందా తక్కువైందా అన్న దగ్గరే తేలిపోతుంది. పులుపు తగవు అలా తేలదు. అసలు అది దేనిలోంచి రావాలన్నదే పేచీ. ఇక్కడ వదినది చింతపండు పక్షం, మరదలిది, అంటే ఆమె ఆడపడుచుది, టమాటా పక్షం. ఇద్దరూ రోజూ పొయ్యి దగ్గర నిలబడేవాళ్లే, ఎవరూ పుస్తకం చూసి మాట్లాడటం లేదు.

వదిన: ముందు ఒక్క సంగతి తేల్చు. టమాటా కూరగాయా, పులుపా? కూరగాయ అంటే నాకు అభ్యంతరం లేదు, బుట్టలో వంకాయల పక్కన చోటిస్తాను. పులుపు అంటే మాత్రం ఒప్పుకోను. కిలో టమాటాల్లో 900 గ్రాములకు పైగా నీళ్లే. పులుపు కోసం నాలుగు కాయలు తరిగితే నీళ్లు, గుజ్జు, తొక్కలు, గింజలు అన్నీ కూరలోకి దిగుతాయి. చింతపండు నానబెట్టి పిసికితే కావలసినంత రసం గిన్నెలోకి వెళ్తుంది, పిప్పి నా చేతిలోనే ఉంటుంది.

మరదలు: ఆ రసం మీదే నా ఫిర్యాదు, వదినా. అది పడ్డాక వంకాయైనా, ఆనపకాయైనా, ములక్కాడైనా నోటికి ఒకే రుచి తగులుతుంది. ఆనపకాయలో రెండు టమాటాలు మగ్గించండి, ఆనపకాయ ఆనపకాయలాగే ఉంటుంది. టమాటాకు పులుపే కాదు, దానిదంటూ ఒక కమ్మదనం ఉంది. మాంసంలో, పుట్టగొడుగుల్లో కమ్మదనాన్నిచ్చే గ్లుటామేటే పండిన టమాటాలోనూ ఉంటుంది. చింతపండుకు ఆ గుణం ఎక్కడిది?

వదిన: మన పెద్దవాళ్లు ఆ కమ్మదనం లేకుండానే తరాల తరబడి అన్నం తిన్నారమ్మా. టమాటా మన పంటేనా? అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడలెక్కి వచ్చింది.

మరదలు: మిరపకాయ కూడా ఆ ఓడల్లోనే దిగింది. మరి గుంటూరు కారాన్ని కూడా తిరిగి ఓడెక్కిద్దామా? మీ చింతచెట్టు పుట్టిల్లు కూడా ఆఫ్రికాయే. కాకపోతే ఎంతో ముందు వచ్చి స్థిరపడింది.

వదిన: సరే, పుట్టిళ్ల ఊసు వద్దు. మెట్టినింట్లో ఎవరు ఎలా పనిచేస్తున్నారో చూద్దాం.

మరదలు: అయితే పప్పుతో మొదలుపెడతాను. గ్లాసు కందిపప్పు, నాలుగు నాటు టమాటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు, చిటికెడు పసుపు, అన్నీ ఒకేసారి కుక్కర్లో వేసి మూత పెడతాను. ఆవిరి పోయాక ఉప్పు వేసి మెదిపి, వెల్లుల్లి, ఎండుమిర్చి, జీలకర్రతో పోపు పెడితే పని అయిపోతుంది. మీ చింతపండును ఇలా మొదట్లోనే వేయండి చూద్దాం.

వదిన: వేయను. వేస్తే పప్పు బద్దలు బద్దలుగా మిగిలిపోతుంది. చిక్కటి పులుపు తగిలిన గింజ మెత్తబడదు, గింజను పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో ఒక పట్టాన కరగదు. అందుకే పప్పుచారుకైనా, ముక్కల పులుసుకైనా ముందు పప్పు ఉడకాలి, ఆ తరువాతే చింతపండు రసం. టమాటా పులుపు పలచన కాబట్టి కుక్కర్ ఆవిరి దాన్ని లొంగదీసుకుంటుంది. పప్పు దగ్గర నువ్వు గెలిచావని రాసుకో. కానీ ఆ కుక్కర్లో ఉసిరికాయంత చింతపండు కూడా ఒక మూల పడుతుంది కదూ?

మరదలు: హైబ్రిడ్ కాయలు దొరికిన రోజున వేస్తాను, ఏం చేయను? వాటికి కండే తప్ప పులుపు ఉండదు. లారీలో దెబ్బ తినకుండా దూరం వెళ్లాలని పెంచినవి అవి. నాటు కాయకు తోలు పలచన, రసం ఎక్కువ, పులుపు ఎక్కువ. పప్పుకూ చారుకూ నాటువి, గుజ్జు కూరలకు హైబ్రిడ్‌వి కొనాలి. ఈ తేడా చూసుకోకుండా తెచ్చుకుని టమాటాకు పులుపు లేదనడం అన్యాయం.

(మధ్యలో రాస్తున్నవారి మాట ఒకటి: బండి మీద ఈ రెండూ కలిపేసి అమ్ముతారు. గుండ్రంగా, గాట్లు గాట్లుగా నొక్కులు ఉన్నవి నాటువి, కోలగా గట్టిగా ఉన్నవి హైబ్రిడ్‌వి అనుకుంటే చాలావరకు తప్పు పోదు.)

వదిన: ఇప్పుడు నా వంతు. బెండకాయ పులుసు టమాటాతో చేసి చూపించు. జిగురు ఒక పట్టాన విరగదు. చింతపండు రసం పడితే ఆ జిగురు తగ్గిపోతుంది. చామదుంపల దురదకూ చింతపండే మందు. కాకరకాయ చేదును ఉడికించి పిండితే సగం పోతుంది, మిగతా సగాన్ని చింతపండూ బెల్లమూ కలిసి కమ్మేస్తాయి. ఇక చేపల పులుసు. నెల్లూరువాళ్లు దానిలో మామిడికాయ ముక్కలు వేస్తారు, టమాటా కూడా వేస్తారేమో, కానీ చింతపండు లేకుండా పొయ్యి మీద పెట్టరు. ముందు పులుసును మరిగించి చిక్కబరచాలి, అప్పుడు ముక్కలు వేయాలి. పులుపులో చేప ముక్క చితికిపోకుండా గట్టిగా నిలుస్తుంది. గరిటె పెట్టకుండా గిన్నెను పట్టుకుని తిప్పాలి. మర్నాటికి దాని రుచి ఏమిటో తెలిసినవాళ్లు టమాటా గొడవ ఎత్తరు.

మరదలు: చేపల పులుసు జోలికి నేను రాను. కానీ మీ చింతపండుకు ఎన్ని అలకలో చెప్పండి. ఇనుప మూకుడులో పెడితే పులుసు నల్లబడుతుంది, లోహం రుచి దిగుతుంది. కళాయి పూత లేని ఇత్తడి గిన్నె అసలే పనికిరాదు. అందుకేగా పాత ఇళ్లలో పప్పుపులుసుకు ప్రత్యేకంగా రాతితో చేసిన రాచ్చిప్ప ఉండేది.

వదిన: అది నిజమే. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ బాధ తీరింది. టమాటా కూడా ఇనుముకు పెద్ద చుట్టమేమీ కాదు, గంటసేపు మగ్గిస్తే అదీ నలుపెక్కుతుంది.

మరదలు: ఇంకొకటి. చింతపండు రసాన్ని పచ్చివాసన పోయేదాకా మరిగించాలని మీరే రోజూ చెబుతారు. మరి తెలంగాణలో పచ్చిపులుసును కాచనే కాచరు కదా? అక్కడ పచ్చివాసన ఎటు పోయింది?

వదిన: బాగా పట్టావు. పచ్చిపులుసులో చింతపండు పలచగా ఉంటుంది, గ్లాసుల కొద్దీ నీళ్లు పడతాయి. పైగా ఒంటరిగా ఉండదు. వేయించి నూరిన నువ్వుల పొడి, పచ్చి ఉల్లిపాయ, నిప్పుల మీద కాల్చి నలిపిన మిరపకాయ, జీలకర్ర, కొత్తిమీర, ఇన్ని ఘాటులు దాని మీద ఉంటాయి. మరిగించిన పులుసులోనేమో చింతపండే పెద్ద, అక్కడ పచ్చివాసన దాగడానికి చోటు లేదు. అయినా వేసవి మధ్యాహ్నం పొయ్యి వెలిగించకుండా అన్నంలోకి ఏదో ఒకటి కావాలంటే నీ టమాటాతో ఏమవుతుంది?

మరదలు: ఏమీ అవదు, ఒప్పుకున్నాను.

వదిన: ధర మాట కూడా చూడు. 2023 జూలైలో ఏమైంది? మదనపల్లె మార్కెట్లోనే కిలో 100 రూపాయలు దాటింది, నగరాల్లో 200 పలికింది. ఇంకొన్ని నెలలకు అదే టమాటాను కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు పక్కన పారబోసే రోజులూ వస్తుంటాయి. ఇంత నిలకడ లేనిదాని మీద నెల బజారు లెక్క ఎలా వేస్తావు? చింతపండు వేసవి మొదట్లో హిందూపురం మార్కెట్ యార్డుకు బస్తాలు బస్తాలుగా వస్తుంది. కరిపులి రకానికి ధర ఎక్కువ, ఫ్లవర్ రకం చవక. గింజలు, ఈనెలు తీసి, ఒకరోజు ఎండలో పెట్టి, మధ్య మధ్య రాళ్లుప్పు చల్లుతూ జాడీలో అదిమి పెడితే మళ్లీ పంట వచ్చేదాకా చూసుకోనక్కరలేదు. కొత్తది ఎర్రగా ఉంటుంది, పాతబడేకొద్దీ నల్లబడుతుంది. పులిహోరకు కొత్తది రంగు బాగుంటుంది, పులుసుకు పాతదైనా సరే.

మరదలు: ధర పెరిగితే మానేస్తాం, తినమని ఎవరూ బతిమాలడం లేదు. చవకగా ఉన్నప్పుడు నాలుగు కిలోలు తెచ్చి నిల్వ పచ్చడి పెడతాను. ఏడాది ఉంటుంది. మీ జాడీ పక్కనే నా జాడీ.

వదిన: ఆ పచ్చడి ఎలా పెడతావో ఒకసారి చెప్పు.

మరదలు: కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, ముక్కలు కోసి ఉప్పు, పసుపు కలిపి మూడు రోజులు ఊరబెడతాను. తరువాత ముక్కలు పిండి ఎండలో ఆరబెడతాను. ఆ ఊటలో...

వదిన: ఆగావేం? ఆ ఊటలో?

మరదలు: చింతపండు నానబెడతాను.

వదిన: ఎందుకో?

మరదలు: నిల్వ ఉండటానికి. పులుపు చాలదు కాబట్టి. నవ్వకండి వదినా.

వదిన: నవ్వడం లేదమ్మా. నీ జాడీలో నా మనిషి కూర్చుని ఉన్నాడని గుర్తు చేస్తున్నాను, అంతే.

మరదలు: అయితే మీ సాంబారు సంగతి? దానిలో మీరు రెండూ వేస్తారు. నేను చూస్తూనే ఉన్నాను.

వదిన: వేస్తాను. దాచుకునేది ఏముంది? టమాటా ముక్కలు ముందే సాంబారు ఉల్లిపాయలతో పాటు నూనెలో మగ్గాలి. వాటి మీద కాస్త ఉప్పు చల్లితే నీరు వదిలి త్వరగా మెత్తబడతాయి. ఆ తరువాత ములక్కాడ, ఆనపకాయ ముక్కలు వేసి నీళ్లలో ముప్పాతిక వంతు ఉడకనివ్వాలి. చింతపండు రసం ముందే పోస్తే ముక్కలు కరకరమంటూ మిగిలిపోతాయి. నలుగురికి చిన్న నిమ్మకాయంత చింతపండు చాలు, టమాటాలు ఉన్నాయి కాబట్టి ఇంకొంచెం తగ్గించినా ఫరవాలేదు. వేడినీళ్లలో పావుగంట నానితే గుజ్జు మెత్తగా విడిపోతుంది, చన్నీళ్లలో చేతులు నొప్పిపుట్టేదాకా పిసకాలి. రసం పోశాక పది నిమిషాలు మరిగితే, మెదిపిన పప్పు, సాంబారు పొడి చివర. నిమ్మకాయనైతే దింపాక పిండుతాం, పొయ్యి మీద మరిగితే దాని సువాసన పోయి చేదు వస్తుంది. చింతపండు ఎంత మరిగినా పులుపు పోగొట్టుకోదు. ఆ ఓర్పు కోసమే దాన్ని నమ్ముకున్నాను.

మరదలు: మరి రెండూ పడి పులుపు మించిపోతే?

వదిన: గోలీకాయంత బెల్లం. అప్పటికీ లొంగకపోతే చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోసి ఇంకో పొంగు రానివ్వాలి. పులుపు తగ్గించాలని ఉప్పు మాత్రం వేయకు, రెండూ పాడవుతాయి.

మరదలు: నేనైతే ఇంకో గరిటె పప్పు మెదిపి కలుపుతాను. బెల్లం పడ్డ సాంబారు మా అన్నయ్య ముట్టుకోడు.

వదిన: మీ అన్నయ్య పెళ్లైనప్పటి నుంచీ తింటున్నది అదే.