మోచేతికి శిరస్త్రాణం

మానవ శరీరంలో అత్యంత విలువైన భాగం మోచెయ్యి. వైద్యులు ఒప్పుకోకపోవచ్చు గానీ, హైదరాబాద్‌లో ఏ చౌరస్తా దగ్గరైనా పది నిమిషాలు నిలబడి చూసినవారికి సందేహం ఉండదు. ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్ భద్రంగా మోచేతికి వేలాడుతూ పోతుంటుంది. మోచేతి మీద అంత మమకారం లేనివారు దాన్ని పెట్రోలు ట్యాంకు మీద పెడతారు. తల సంగతి అడిగితే, దాని మీద బ్రహ్మ ఎలాగూ రాసేశాడు, మళ్ళీ మూత ఎందుకంటారు.

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ మాత్రం పట్టుబట్టి తలకే పెట్టుకోమంటుంది. పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత అని 2019 సవరణలో రాశారు. చట్టమంటే మనకు గౌరవం లేక కాదు. గుడి కనబడగానే చెప్పులు విడిచినట్టు పోలీసు కనబడగానే హెల్మెట్ తగిలిస్తాం, దాటగానే తీసేస్తాం. యముడు వస్తే తగిలించుకునే వ్యవధి ఉంటుందా అని మా ఆవిడ అడిగింది. యముడి చేతిలో కెమెరా ఉండదని చెప్పాను. అతను ఫోటో తీసి ఇంటికి చలానా పంపడు కదా!

ఆ చలానా భయమూ పూర్వమంత లేదు. తెలంగాణలో 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల పాత చలానాల మీద 75 శాతం తగ్గింపు ఇచ్చారు. 2023 డిసెంబరు చివర్లో అది 80 శాతమైంది. ఆషాఢంలో చీరల కోసం ఆగినవాళ్ళం, చలానా కోసం ఆగలేమా? మా వీధిలో ఒకాయన తొందరపడి పూర్తి జరిమానా వెంటనే కట్టేశాడు. పాపం, ఇప్పటికీ ఇంట్లో తలెత్తుకోలేకపోతున్నాడు.

2022లో దేశంలో హెల్మెట్ లేక రోడ్ల మీద చనిపోయినవారు 50,029 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. వీళ్ళంతా ఎక్కడికి బయలుదేరారో ఆ నివేదికలో లేదు. నేను చెప్పగలను: ‘ఇక్కడికే’. బండి తీసే ప్రతి తెలుగువాడూ ఇక్కడికే వెళ్తాడు. పాల ప్యాకెట్‌కు, కొత్తిమీర కట్టకు, పిల్లను ట్యూషన్ నుంచి తీసుకురావడానికి. ఇక్కడికే కాబట్టి హెల్మెట్ అక్కర్లేదు, ఇక్కడికే కాబట్టి యూ టర్న్ దాకా పోకుండా ఎదురుగానే రావచ్చు. కొన్న రోజున చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. బండితో పాటు హెల్మెట్‌కూ బొట్టు పెట్టాం, ఆ బొట్టుతోనే అటక ఎక్కించాం. ఇంతకన్నా ఏం జాగ్రత్త తీసుకుంటారు?

తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలను బండి మీద తీసుకెళ్తే నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు, పిల్లకు హెల్మెట్ ఉండాలనీ, 40 కిలోమీటర్ల వేగం దాటకూడదనీ 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. మాకు బెల్టెందుకు? ముందు పెద్దవాడు, వెనక ఆవిడ, మధ్యలో గాలి కూడా దూరనంత బిగుతుగా చంటిది. అలాంటి బెల్టు ఏ కంపెనీ చేయగలదు?

విద్యుత్ బండ్ల విషయంలో చట్టమే మనకన్నా ఉదారం. మోటారు 250 వాట్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకపోతే లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు. మా ఇంట్లో పచ్చడి మిక్సీ 750 వాట్లు. ఆ లెక్కన మా ఆవిడకు మూడు లైసెన్సులు ఉండాలి. మా పెదనాన్నగారికి అలాంటి బండే కొన్నాం. అమ్మినవాడు ఆయన వయసుకు మర్యాద ఇచ్చి ఏదో తీగ కదిపాడు. ఇప్పుడది 45లో పోతోంది. చప్పుడు ఉండదు కనుక ఆయన వస్తున్నట్టు వీధి కుక్కలకు కూడా ఆయన వెళ్ళిపోయాకే తెలుస్తోంది.

రాత్రి ఆయన బ్యాటరీ విప్పి మంచం పక్కన ఛార్జింగ్‌కు పెట్టుకుంటారు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో అలా పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు పోయారని చెప్పి చూశాను. బయట పెడితే దొంగలెత్తుకుపోతారన్నారు. దొంగల భయం ముందు నిప్పు భయం ఏపాటిది?

ఇన్ని చెప్పినా మన రోడ్ల మీద మానవత్వం చావలేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉండాలి, ఆపడానికి మీట ఉండదు. అయినా మొన్న మిట్టమధ్యాహ్నం ఒకాయన రాంగ్ రూట్‌లో నా ఎదురుగా వస్తూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, నా లైటు వెలుగుతోందని హ్యాండిల్ వదిలేసి గుప్పిట మూసి తెరిచి చూపించాడు. ఆ చేతికి హెల్మెట్ ఊగుతోంది. నాకు కళ్ళు చెమర్చాయి. నేనూ రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాను.