డెలినె ప్రజలు బాంబు కోసం యురేనియం తవ్వారా?

ఆగస్టు 6 దగ్గర పడగానే ఒక పోస్టు మళ్లీ మళ్లీ చేతులు మారుతుంది. అందులో ఉండే మాట ఇది: "హిరోషిమా మీద వేసిన బాంబుకు యురేనియం తవ్వింది కెనడా ఉత్తరాన ఉండే డెనె ఆదివాసులే. ఆ ఊళ్లో మగవాళ్లంతా క్యాన్సర్‌తో పోయారు, వితంతువులే మిగిలారు. చివరికి తప్పు ఒప్పుకుని జపాన్ వెళ్లి క్షమాపణ అడిగారు." ఆ ఊరు గ్రేట్ బేర్ సరస్సు ఒడ్డున ఉన్న డెలినె. ఇప్పుడు అక్కడ సుమారు ఐదారు వందల మంది ఉంటారు. పోస్టులో కొంత నిజం ఉంది. అందుకే మిగతాదంతా ఎవరూ అడగకుండానే నమ్మేస్తున్నారు.

తవ్వింది వాళ్లేనా? కాదు. 1930లో గిల్బర్ట్ లబైన్ అనే ఖనిజాన్వేషకుడు ఆ సరస్సు తూర్పు ఒడ్డున పిచ్‌బ్లెండ్ అనే, రేడియం, యురేనియం ఉండే ఖనిజాన్ని కనుక్కున్నాడు. అక్కడే పోర్ట్ రేడియం గని వెలిసింది. అప్పట్లో గని నడిపిన కంపెనీకి కావలసింది రేడియం. యురేనియానికి పెద్దగా గిరాకీ లేదు. డెలినె ఉన్నది సరస్సు పడమటి కొసన. గనికీ ఊరికీ మధ్య రెండు వందల యాభై కిలోమీటర్లకు పైగా దూరం. భూమి లోపల పనిచేసినవాళ్లు ఎక్కువగా దక్షిణం నుంచి వచ్చినవాళ్లు.

డెనె మగవాళ్లకు దొరికింది మోత పని. ఒక్కో ఖనిజం మూట 45 కిలోల దాకా ఉండేది. సరస్సు దాటించాలి, గ్రేట్ బేర్ నదిలో దించాలి, పడవ పోలేని చోట మూటలు దించి మళ్లీ ఎక్కించాలి. అక్కడి నుంచి మెకెంజీ, స్లేవ్ నదుల మీదుగా అల్బర్టాలోని రైలు చివరి స్టేషన్‌కు, చివరికి ఒంటారియోలోని పోర్ట్ హోప్ శుద్ధి కర్మాగారానికి సరుకు చేరేది. మూటలు గుడ్డవి, వాటి నుంచి పొడి రాలేది. ఒంటి నిండా ఆ పొడితోనే తిరిగామని, మూటల మీదే పడుకున్నామని అక్కడి పెద్దలు చెప్పారు. ఆ దుమ్ము ప్రమాదకరమని కెనడా గనుల శాఖ 1930ల్లోనే రాసుకుంది. మోసేవాళ్లకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. 'తవ్వారు' అని రాసేసి, తెలిసి కూడా చెప్పనివాళ్లను ఈ పోస్టు కథలోంచి తప్పించేస్తోంది. 1944లో ఆ కంపెనీని కెనడా ప్రభుత్వమే సొంతం చేసుకుంది.

ఇక బాంబు సంగతి. అమెరికా అణుబాంబు పథకానికి వచ్చిన యురేనియంలో ఎక్కువ భాగం బెల్జియన్ కాంగోలోని షింకోలోబ్వే గనిది. కెనడా వాటా దానికన్నా చాలా తక్కువ. వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన సరుకు శుద్ధిలో కలిసిపోయింది కాబట్టి హిరోషిమా బాంబులో ఫలానా సరస్సుది ఇంత అని విడదీసి చెప్పలేం. కాంగో కూలీల ఊసే ఈ పోస్టులో ఉండదు.

క్యాన్సర్ దగ్గర జాగ్రత్తగా మాట్లాడాలి. మోతపని చేసిన భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్లు డెలినెలో ఉన్నారు. వాళ్ల మాటల వల్లే 'వితంతువుల ఊరు' అన్న పేరు బయటి ప్రపంచానికి చేరింది. అయితే 'మగవాళ్లంతా' అన్నది నిజం కాదు. ఊరి ప్రతినిధులూ కెనడా ప్రభుత్వమూ కలిసి కూర్చుని, చాలా ఏళ్ల పరిశీలన తర్వాత 2005లో నివేదిక ఇచ్చారు. ఊరి మొత్తం క్యాన్సర్ రేటు ఆ ప్రాంతపు రేటుకు భిన్నంగా కనిపించలేదని, ఫలానా వ్యక్తి చావుకు ఆ ధూళే కారణమని ఖాయంగా తేల్చలేమని అందులో ఉంది. అంటే ఏమీ జరగలేదని అర్థమా? కాదు. మోసినవాళ్లు కొద్దిమందే. పని జరిగినప్పుడు వాళ్ల ఒంటి మీద పడిన మోతాదును ఎవరూ కొలవలేదు. అంత చిన్న గుంపులో ఒకటి రెండు చావులు ఎక్కువైనా లెక్కల్లో తేలవు. గని లోపల పనిచేసినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ మామూలు కన్నా ఎక్కువని వేరే అధ్యయనాల్లో తేలింది. పది లక్షల టన్నులకు పైగా గని వ్యర్థం మిగిలింది, అందులో చాలా భాగం సరస్సులోకే పోయింది. తుమ్మలపల్లె, నల్లమల యురేనియం గురించి మాట్లాడేటప్పుడు డెలినెను ఉదాహరణగా తెచ్చే మిత్రులకు నా విన్నపం: ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అదే చాలినంత బరువైనది.

1998 ఆగస్టులో డెలినె నుంచి కొందరు హిరోషిమా వెళ్లిన మాట నిజమే, క్షమాపణ చెప్పిన మాటా నిజమే. కానీ అది 'తప్పు ఒప్పుకోవడం' కాదు. ఏం మోస్తున్నారో తెలియకుండా మోసినవాళ్లు, తమ నేల నుంచి పోయిన రాయి అవతలివాళ్లకు ఏం చేసిందో తెలిశాక, వెళ్లి దుఃఖం పంచుకున్నారు. బాంబు నిర్ణయం తీసుకున్నవాళ్లెవరూ ఆ ప్రయాణంలో లేరు.

పోతే, ఆ ఊరు అంతరించిపోలేదు. 2016 సెప్టెంబర్ 1 నుంచి డెలినెకు సొంత స్వపరిపాలన ప్రభుత్వం ఉంది. అదే ఏడాది సరస్సు, దాని చుట్టుపక్కల నేల యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతమయ్యాయి. ఆ ప్రయత్నం నడిపింది ఊరివాళ్లే. సరస్సు అడుగున ఒక గుండె కొట్టుకుంటోందని, దాన్ని చేపలు కాపలా కాస్తున్నాయని వాళ్ల పెద్దలు చెప్పుకునే కథ ఉంది. ఆ నీళ్లలో వాళ్లు ఇప్పటికీ వల వేస్తున్నారు.