ఊరి బీపీ ట్యాబ్‌లో ఉంది, ఊరికి మాత్రం తెలీదు

కుప్పంలో 2025లో టాటా వాళ్లతో కలిసి డిజిటల్ నెర్వ్ సెంటర్ మొదలుపెట్టారు, ప్రతి మనిషి హెల్త్ రికార్డు ఒకేచోట ఉంటుంది అన్నారు. బాగుంది. కానీ ఆభా (డిజిటల్ హెల్త్ ఐడీ) కార్డులనీ, ఫోన్‌లో డాక్టర్‌ని చూపించే ఈ-సంజీవని అనీ ఇన్నేళ్లుగా వస్తున్న వాటన్నిటినీ నేను ఒకే ప్రశ్న అడుగుతున్నా. దీనివల్ల ఊళ్లో ఇంటింటికీ తిరిగే నర్సు, అదే ఏఎన్ఎం పని తగ్గిందా, పెరిగిందా?

పెరిగింది. పొద్దున్నే ఫేస్ అటెండెన్స్, బీపీ షుగర్ సర్వే ఒక యాప్‌లో, గర్భిణుల వివరాలు ఇంకోదాంట్లో, టీకాలు యూ-విన్ అనే ఇంకో యాప్‌లో, ఇవన్నీ అయ్యాక మళ్లీ రిజిస్టర్‌లో చేత్తో రాయాలి. ఆభా నంబర్ 14 అంకెలు, దానికి ఓటీపీ కావాలి, ముసలమ్మ ఆధార్‌కి లింకైన ఫోనేమో హైదరాబాద్‌లో పనికెళ్లిన కొడుకు దగ్గర ఉంటుంది. అతను ఫోన్ ఎత్తేదాకా గుమ్మంలో నిలబడాలి, ఈలోపు పక్కింటి బాలింతని చూసే టైం పోయింది. పాడేరు ఏజెన్సీలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన ఊళ్ల సంగతి ఇంక చెప్పక్కర్లేదు.

కాగితం రిజిస్టర్లు చిరిగిపోతాయి, దొంగ లెక్కలు రాస్తారు, డెంగీ ఎక్కడ పెరుగుతుందో పైవాళ్లకి తెలియాలి కదా అంటారు. నిజమే. కానీ దొంగ లెక్క యాప్‌లోనూ రాయొచ్చు, సాయంత్రంలోపు టార్గెట్ కాకపోతే మెమో అంటే ఇంట్లో కూర్చునే అందరికీ నార్మల్ బీపీ 120/80 అని కొట్టేస్తారు.

అసలు తప్పు మనం ఏం లెక్కపెడుతున్నాం అన్నదాంట్లోనే ఉంది. ఎంతమందికి బీపీ చూశారు అన్నది టార్గెట్. చూస్తే బీపీ తగ్గదు, నెల నెలా బిళ్ల అందితే తగ్గుతుంది. 2017లో మొదలైన జాతీయ హైపర్‌టెన్షన్ ప్రోగ్రాంలో మొదటి విడత 5 రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది, అక్కడ చూసింది బీపీ 140/90 లోపుకి ఎంతమందికి వచ్చింది అని. కొన్ని రాష్ట్రాల్లో దానికి సింపుల్ అనే యాప్ వాడారు, ఈ నెల మందులకి రానివాళ్లు ఎవరో ఆ లిస్టు నేరుగా నర్సు ఫోన్‌లోనే కనిపిస్తుంది, ఆమె ఫోన్ చేసి పిలుస్తుంది. యాప్ అంటే అదీ! నర్సు చేతికి పనికొచ్చేది.

మన దగ్గర మాత్రం డేటా ఊళ్లోంచి పైకి పోతుంది, తిరిగి కిందకి రాదు. నా అసలు బాధ ఇక్కడే. రాజ్యాంగంలో పంచాయతీలకి అప్పగించదగ్గ పనుల జాబితా, అదే 11వ షెడ్యూల్ తీసి చూడండి, 23వ అంశం ఆరోగ్యం, పారిశుధ్యం, అందులో పీహెచ్‌సీలు, డిస్పెన్సరీలు కూడా ఉన్నాయి. ఆ షెడ్యూల్ తెచ్చిన 73వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది, ఇన్నేళ్లయినా సర్పంచ్‌కి తన ఊళ్లో షుగర్ ఎంతమందికి ఉందో చూసే లాగిన్ లేదు, అమరావతిలో డ్యాష్‌బోర్డు మాత్రం ఉంటుంది. ఊరి ఆరోగ్య పారిశుధ్య కమిటీ అని ఒకటుంది, దాని మీటింగ్‌లో ఈ లెక్కలు పెట్టినట్టు మీరెప్పుడైనా విన్నారా?

పేర్లు చెప్పొద్దు, ఎవరి జబ్బు వాళ్ల గుట్టు, ఎవరూ దాన్ని బయటపెట్టకూడదు. మొత్తం అంకెలు చాలు: మన ఊళ్లో బీపీ ఎందరికి, ఈ నెల మందులు ఎందరికి అందాయి, సబ్ సెంటర్‌లో ఏ బిళ్ల ఎన్నిరోజులు లేదు. ఒక్క పేజీ ప్రింట్ తీసి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించండి, వచ్చే గ్రామసభలో జనం వాళ్లంతట వాళ్లే అడుగుతారు.