తవుడు చేపలకి, బీ కాంప్లెక్స్ మనకి

మొన్న ఊరెళ్తే అమ్మ రేషన్ బియ్యం చాటలో పోసుకుని ఏరుతోంది, రాళ్ళేమో అనుకున్నా, కాదు, రంగు కాస్త తేడాగా ఉన్న గింజలు ఏరి పక్కన పెడుతోంది. "ప్లాస్టిక్ బియ్యం కలిపేత్తున్నార్రా" అంది. ప్లాస్టిక్ కాదమ్మా, బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపి గింజలా చేస్తారు, కిలోకి పది గ్రాములు కలుపుతారు అని చెప్తే ఓసారి నా మొహం చూసి మళ్ళీ ఏరుకోవడంలో పడింది.

నాకు వెంటనే గుర్తొచ్చింది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. దాని పుట్టుకే బియ్యం గొడవతో. 1918లో తమిళనాడు నీలగిరుల్లోని కూనూర్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక్క గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే బ్రిటిష్ డాక్టరు మొదలెట్టినప్పుడు దాని పేరు బెరిబెరి ఎంక్వయిరీ. కాళ్ళు తిమ్మిరెక్కి, వాచి, ఆఖరికి గుండె మీదకొచ్చే జబ్బు అది, బీ1 అనే విటమిన్ లేక వస్తుంది. ఎక్కడ ఎక్కువంటే ఉత్తర సర్కారుల్లో, అంటే మన ఆంధ్ర తీరమే. 1835లోనే మాల్కమ్‌సన్ అనే డాక్టరు దీని మీద పెద్ద వ్యాసం రాశాడు.

వరి పండే చోట ఇదేం ఖర్మ అంటే, పచ్చి బియ్యం మరపట్టి తెల్లగా చేసుకోవడం, నాలుగు నీళ్ళు కడగడం, పైగా గంజి వార్చెయ్యడం. ఉన్న బీ1లో చాలావరకు పోతుంది, తవుడుతో కొంత, కడుగుతో కొంత, గంజితో కొంత. అదే వడ్లు ఉడకబెట్టి ఆరబెట్టి మరపడితే బీ1 గింజ లోపలికి దిగి చాలావరకు నిలబడుద్ది, అందుకే ఉప్పుడు బియ్యం తినేవాళ్ళని ఆ జబ్బు పెద్దగా ముట్టుకోలేదు. మన జిల్లాల్లో ఉప్పుడు మిల్లులు లేకేం, ఉన్నాయి, సరుకు మాత్రం కేరళ పోతుంది!

ఆ గది 1928కి న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్ అయ్యింది, 1958లో హైదరాబాద్ వచ్చింది, ఇప్పటి పేరు 1969లో పెట్టారు. 1970లో మొదలైన విటమిన్ ఏ పథకం, అదే ఆరు నెలలకోసారి పిల్లల నోట్లో రెండు లక్షల యూనిట్ల మందు పొయ్యడం, ఈ సంస్థ పరిశోధన మీద వచ్చిందే. నాకు అనిపించేది ఏంటంటే ఈ సంస్థ చెప్పినవాటిలో చెంచాతో పొయ్యగలిగింది జనంలోకి వెళ్ళింది, పళ్ళెంలో అన్నం మార్చుకోమన్నది మాత్రం వెళ్ళలేదు. తప్పంతా జనానిదని అనను, దంపుడు బియ్యం తవుట్లో నూనె వల్ల తొందరగా ముక్కిపోతాయి, పురుగు పడతాయి, షాపులో రేటు చూస్తే పాలిష్ బియ్యం కంటే ఎక్కువ. అయినా పెళ్ళిభోజనంలో కాస్త ఎర్రగా ఉన్న అన్నం వడ్డించి చూడండి, చుట్టాలు ఏమంటారో.

మరి తవుడు ఎటుపోతోంది? ఆకివీడు వైపు చెరువు గట్టున నిలబడితే కనపడుద్ది, చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడూ, డీఓబీ అనే నూనె తీసేసిన తవుడూ నింపి నీళ్ళలో వేలాడదీస్తారు, బొచ్చెలు, శీలావతులు వచ్చి పొడుచుకు తింటాయి. బీ1 కోసం కూనూర్‌లో అన్ని తంటాలు పడితే మనం చేపలకి పెడుతున్నాం, ఆ చేపలేమో ఐస్ పెట్టెల్లో లారీలెక్కి వేరే రాష్ట్రాలకి పోతున్నాయి.

అమ్మకి అరికాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని డాక్టరు బీ కాంప్లెక్స్ రాశాడు. ఏరిన గింజలన్నీ కోళ్ళకేసొచ్చి, చేతులు కడుక్కుని ఆ బిళ్ళ వేసుకుంది.