నాలుగు గడుల ఫారానికి ఇంత రాద్ధాంతమా!

రోగి పేరు, ఫోన్ నంబరు, ఏ డాక్టరు, ఏ టైము. క్లయింటు అడిగింది ఈ నాలుగు గడుల ఫారం, వెనకాల ఒక డేటాబేస్. అంతే. దాన్ని ఏ ఫ్రేమ్‌వర్క్‌తో (వెబ్‌సైట్లు కట్టడానికి ముందే సిద్ధం చేసి ఉంచిన కోడ్ చట్రం) కట్టాలి, జాంగోనా, లారవెలా, నెక్స్ట్ జేఎస్సా అని వారాల తరబడి మీటింగులు!

జాంగో 2005 నుంచి ఉంది. లాగిన్, అడ్మిన్ పేజీలు దాంతోపాటే వస్తాయి. ఈ పనికి అది చాలు. ఆ మాట చెబితే "పాతది కదండీ" అంటారు. పాతదైతే ఏమైంది? కొత్తదని ఎగబడితే ఏమవుతుందో చూశాం కదా. 2016లో యాంగ్యులర్ 2 అనే ఫ్రేమ్‌వర్క్ వచ్చినప్పుడు, దాని ముందు రూపమైన యాంగ్యులర్‌జేఎస్‌లో కట్టుకున్నవాళ్లు ఎంతమంది మొదటినుంచి తిరగరాసుకోవాల్సి వచ్చిందో గుర్తులేదా? 2021 చివరికి ఆ పాతదానికి సపోర్టే ఆపేశారు. వ్యూ 2 అనే ఇంకో ఫ్రేమ్‌వర్క్‌కీ 2023 చివర్లో అదే గతి పట్టింది. అలా తిరగరాయాల్సి వస్తే రాత్రుళ్లు కూర్చునేది డెవలపర్లే కదా, మీటింగులో స్లైడ్లు చూపించినవాళ్లు రారు.

రెండేళ్ల తర్వాత దీన్ని చూసుకునేదెవరు, వాళ్లకు ఏం వచ్చు అని ఒక్కరైనా అడగరు. జాంగోలో రాసేది పైథాన్ భాషలోనే, మా టీములో అందరికీ పైథాన్ వచ్చు. అదెవరికీ పట్టదు. మళ్లీ సోమవారం ఇంకో మీటింగట. డెడ్‌లైన్ మాత్రం ఒక్క రోజు కూడా జరపరట.