సరిహద్దు ఊళ్లకూ రెండో లైను ఉండాలి

2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య విద్యుత్ గ్రిడ్లు మూడూ కలిసి కుప్పకూలినప్పుడు దక్షిణ గ్రిడ్ నిలబడింది. మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దు లెక్కలో చెప్పాలంటే, ఒడిశాలోని పర్లాకిమిడి పడిపోయిన గ్రిడ్ కిందికి వస్తే పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం నిలబడిన గ్రిడ్ కింద ఉంది. దేశంలో దాదాపు 60 కోట్ల మందిని ఇబ్బంది పెట్టిన ఆ గొడవ ముందు రోజే మొదలైంది, అదీ బీనా-గ్వాలియర్ 400 కేవీ లైను దగ్గర. కొన్ని లైన్లు మెయింటెనెన్సు కోసం ఆపి ఉన్నాయి, కొన్ని రాష్ట్రాలు వాటాకు మించి కరెంటు లాగుతున్నాయి, అలాంటప్పుడు ఈ లైను ట్రిప్ అయ్యేసరికి దాని లోడంతా పక్క లైన్ల మీద పడి అవీ వరసపెట్టి పోయాయి.

2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణ గ్రిడ్ కూడా మిగతా దేశంతో కలిసిపోయింది. మంచి పనే. మిగులున్న చోటి నుంచి కొరత ఉన్న చోటికి కరెంటు నడుస్తోంది. కానీ దాంతోపాటు ముప్పు కూడా ఉమ్మడిదైంది, ఇప్పుడు పర్లాకిమిడికైనా పాతపట్నానికైనా ఒకటే గ్రిడ్, ఒకటే 50 హెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ.

గ్రిడ్ నడిపేవాళ్లకు ఒక పాత నియమం ఉంది. ఎన్ మైనస్ వన్ అంటారు. ఏదైనా ఒక లైనో, ట్రాన్స్‌ఫార్మరో, జనరేటరో హఠాత్తుగా పోయినా మిగిలినవి లోడు మోయగలగాలి. ఏది ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఏది పోయినా తట్టుకునేలా ముందే సర్దుకోవడం అన్నమాట. 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పమన్నప్పుడు ఈ ముందుచూపు ఎంత అవసరమో తెలిసింది. 12 నుంచి 14 వేల మెగావాట్ల డిమాండు తగ్గుతుందని అంచనా వేస్తే సుమారు 31 వేలు తగ్గింది. అయినా గ్రిడ్ పడలేదు. జలవిద్యుత్ కేంద్రాలను అప్పటికే సిద్ధంగా పెట్టుకుని, డిమాండు పడుతుంటే ఉత్పత్తి దించేసి, లైట్లు వెలగ్గానే మళ్లీ పెంచారు. బొగ్గు ప్లాంటుకు గంటలు పట్టే పని నీళ్లకు నిమిషాల్లో అవుతుంది. రోజూ సాయంత్రం సోలార్ పడిపోయి ఇళ్లలో స్విచ్‌లు పడే వేళ గ్రిడ్‌కు కావలసిందీ అదే.

ఆ నీళ్లు ఎక్కడున్నాయి? కొంతవరకు మన కొండల్లోనూ ఉన్నాయి. 1955 నుంచి రెండు రాష్ట్రాలకూ పనిచేస్తున్న 120 మెగావాట్ల మాచ్‌ఖండ్, 510 మెగావాట్ల బలిమెల, 320 మెగావాట్ల ఎగువ కొలాబ్, అన్నీ కొరాపుట్, మల్కనగిరి జిల్లాలవే. బలిమెల రిజర్వాయరు చుట్టుముట్టడంతో బయటి ప్రపంచానికి దూరమైన మల్కనగిరి కటాఫ్ ఏరియా ఊళ్లకు గురుప్రియ వంతెన వచ్చింది 2018లో. అన్నేళ్లు పడవలే దిక్కు. దేశం గ్రిడ్ ఊపిరి పీల్చుకోవడానికి తమ నేలను ఇచ్చిన జనం వాళ్లు.

అదే 2018లో అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను శ్రీకాకుళం, గజపతి జిల్లాలను ఊడ్చేసింది. స్తంభాలు వరసలకు వరసలు పడిపోయాయి. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లు అయిపోతే మోటారు తిరగదు, బ్యాటరీ అయిపోతే సెల్ టవర్ మూగబోతుంది, జనరేటర్ ఉన్న కొట్టు ముందు ఫోన్లు పట్టుకుని జనం క్యూ కడతారు. ఆసుపత్రిలో ఫ్రిజ్‌లో ఉన్న మందుల గురించి ఎవరికి టెన్షన్ ఉండదు? ఆ రోజుల్లో పడిన స్తంభాల మధ్య నడుముల్లోతు బురదలో దిగి లైను లాగిన లైన్‌మన్లకు ఈ ప్రాంతం రుణపడి ఉంది, వాళ్లలో చాలామంది కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లేనని కూడా గుర్తుంచుకోవాలి.

ఎన్ మైనస్ వన్ అనేది 400 కేవీ పెద్ద లైన్ల దగ్గరే ఆగిపోతే మాకు సరిపోదు. పెద్ద గ్రిడ్ చెక్కుచెదరకుండా ఉండి, కొండల మీదుగా వచ్చే ఒక్క 33 కేవీ లైను తెగితే ఆ చివరి ఊరికి ఆ రోజు గ్రిడ్ లేనట్టే. అందుకని మేం అడిగేది ఇది. గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కనగిరి జిల్లాల్లో ప్రతి సబ్‌స్టేషన్‌కూ రెండో వైపు నుంచి సరఫరా ఉందో లేదో ఆ జాబితాను కరెంటు పంపిణీ చేసే డిస్కం, పెద్ద లైన్లు నడిపే ట్రాన్స్‌మిషన్ సంస్థ జనం ముందు పెట్టాలి. లేని చోట ఎప్పటికల్లా వేస్తారో తేదీ చెప్పాలి. ఆసుపత్రులకు, తాగునీటి మోటార్లకు ఇచ్చే ఫీడర్లను ముందు వరసలో పెట్టాలి. రాష్ట్రం గీత చూసి తుఫాను ఆగదు కాబట్టి, విపత్తు సమయంలో అటు శ్రీకాకుళం వైపు నుంచి ఇటు, ఇటు నుంచి అటు కరెంటు ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు మీద రెండు రాష్ట్రాల ఇంజినీర్లూ కూర్చుని ఒప్పందం రాసుకోవాలి, రాసుకుని ఊరుకోకుండా ఏడాదికోసారి స్విచ్ వేసి మరీ పరీక్షించాలి. 2020 నాటి విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో 24 గంటల సరఫరా, అంతరాయానికి పరిహారం అన్న మాటలున్నాయి. అవి బరంపురం లాంటి నగరానికి ఎంత వర్తిస్తాయో గజపతి జిల్లాలోని చిన్న ఊరు కాశీనగరానికీ అంతే వర్తిస్తాయి.

మన తీరానికి పెద్ద తుఫాన్లు వచ్చేది ఎక్కువగా అక్టోబరులో. ఆ జాబితా సెప్టెంబరులోపే బయటికి రావాలి.