వడగాలి దరఖాస్తు తిరస్కరించడమైనది

మే నెల మధ్యాహ్నం. బందరులో 36 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం. అదే వేళకు పల్నాడులోని రెంటచింతలలో 46 డిగ్రీలు, తేమ 15 శాతం. లెక్క కోసం అనుకున్న అంకెలే అయినా రెండు ఊళ్లవాళ్లకూ కొత్తేమీ కావు. రెంటచింతల ‘వడగాలి’ అనిపించుకుని పేపరు మొదటి పేజీకెక్కుతుంది. బందరు సంగతి ‘వేడి, తేమ, అసౌకర్యమైన వాతావరణం’ అని లోపలి పేజీలో ఒక ముక్కతో సరి. అసౌకర్యమంటే బస్సులో కిటికీ పక్క సీటు దొరక్కపోవడం లాంటిదన్నమాట.

ఇప్పుడు థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి చూడండి. చెమట ఆరినందువల్ల ఒంటికి ఎంత చల్లదనం దక్కుతుందో చెప్పేది ఆ తడి బల్బే. రెంటచింతలలో అది 25 దగ్గర నిలుస్తుంది, బందరులో 29 దాటుతుంది. వేడినీ తేమనూ కలిపి ఒంటికి ఎన్ని డిగ్రీలున్నట్టు అనిపిస్తుందో చెప్పే హీట్ ఇండెక్స్ కడితే రెంటచింతలకు 46, బందరుకు 48. పది డిగ్రీలు చల్లగా ఉన్న ఊళ్లోనే ఒంటికి ఎక్కువ వేడి. అయితే మాత్రం ఒళ్లు చెప్పిందల్లా రికార్డులో రాసుకుంటామా? దేనికైనా ఒక పద్ధతంటూ ఉండాలి.

పద్ధతి భారత వాతావరణ శాఖ స్పష్టంగానే రాసిపెట్టింది. మైదాన ప్రాంతమైతే ఉష్ణోగ్రత కనీసం 40, కొండ ప్రాంతమైతే 30, తీరంలోని స్టేషనైతే 37 ఉండాలి. అది ప్రాథమిక అర్హత మాత్రమే. దానిపైన, ఆ రోజుకు ఉండాల్సిన సాధారణ ఉష్ణోగ్రత కన్నా 4.5 డిగ్రీలు ఎక్కువుండాలి. తేడా 6.4 దాటితే ‘తీవ్ర’ హోదా. మైదానంలో 45 ముట్టుకున్నవాళ్లకు తేడా చూపించే పని లేదు, అది డైరెక్ట్ కోటా. ఇంతా చేసి ఒక్క స్టేషను చెబితే చెల్లదు. ఆ వాతావరణ సబ్‌డివిజన్‌లో (కోస్తాంధ్ర, రాయలసీమ లాంటివి) కనీసం రెండు స్టేషన్లు సాక్ష్యమివ్వాలి, వరసగా రెండు రోజులు ఇవ్వాలి. ప్రకటన రెండో రోజున. మొదటి రోజు వడదెబ్బ తిన్నవాళ్లు కాస్త తొందరపడ్డారనే అనుకోవాలి.

గమనించారా, ఈ దరఖాస్తులో తేమ అనే గడి లేదు. బందరు 36 దగ్గరే ఆగింది గనుక తొలి వడపోతలోనే తప్పింది. ఒక్క డిగ్రీలో రేషన్ కార్డు పోయినట్టే. హీట్ ఇండెక్స్ కూడా ఇస్తున్నారు, కాదనం. 2023 నుంచి ఇస్తున్నారు, ప్రయోగాత్మకంగా. ప్రయోగం ఎవరి ఒంటిమీదో వేరే చెప్పాలా.

‘సాధారణ ఉష్ణోగ్రత’ అనేది ముప్పై ఏళ్ల సగటు. అది రాతిమీద చెక్కింది కాదు, కాలంతోపాటు ముందుకు జరుగుతుంది. 1981–2010 సగటు వెళ్లిపోయి 1991–2020 సగటు కుర్చీలో కూర్చుంది. ఎండలు ముదిరేకొద్దీ సగటు పైకి పాకుతుంది, సగటు పాకేకొద్దీ 4.5 తేడా తెచ్చుకోవడం కష్టమవుతుంది. భూతాపాన్ని అరికట్టడానికి దేశదేశాలు ఏటా సమావేశాలు పెట్టుకుంటున్నాయి గానీ, సగటును పెంచుకుంటూ పోతే వడగాలులు వాటంతటవే తగ్గిపోతాయన్న కిటుకు ఎవరికీ తట్టినట్టు లేదు.

రాత్రుల విషయంలో నిబంధన ఇంకా ముచ్చటైనది. ‘వెచ్చని రాత్రి’ అనిపించుకోవాలంటే కనిష్ఠ ఉష్ణోగ్రత సాధారణం కన్నా 4.5 ఎక్కువుండాలి. సరే. కానీ పగలు 40 వచ్చిన చోటే ఆ లెక్క చూస్తారు. పగలంతా 38 దగ్గర ఉడికి, తెల్లవారుజామున కూడా 31కి దిగని తీరప్రాంతపు ఊరికి వెచ్చని రాత్రి ఉండదు. అక్కడ ఉండేవి దోమలు, కరెంటు కోత, తడిసిన దిండు. ఒళ్లు పగలు మోసిన వేడిని దించుకునేది రాత్రే. ఆ రాత్రులు వరసగా చేతికి రాకపోతే నాలుగో రోజునో ఐదో రోజునో ఆస్పత్రుల్లో రద్దీ పెరుగుతుంది. వడగాలిలో ఎంత ఎండ కాసిందన్నది కాదు, అది ఎన్ని రాత్రులు నిలిచిందన్నదే ప్రాణాల లెక్క తేలుస్తుంది.

మరి ముందుగా కనిపెట్టడం ఎలా అంటారా? పొద్దున ఐదున్నరకు మచిలీపట్నం నుంచీ విశాఖపట్నం నుంచీ పైగాలిని కొలిచే వాతావరణ బెలూన్లు ఎగురుతాయి. కిలోమీటరున్నర ఎత్తులో గాలి ఎంత వేడిగా ఉందో చూడాలి. 28 ఉందనుకోండి, కిందికి దిగే గాలి కిలోమీటరుకు పది డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది కాబట్టి నేల దగ్గర 42, 43. ఇక్కడిదాకా మూడో తరగతి కూడిక. ఆ తర్వాత సముద్రం అడ్డొస్తుంది. సముద్రపు గాలి పదకొండింటికే ఒడ్డెక్కితే పాదరసం 36, 37 దగ్గర చతికిలబడుతుంది. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి దూసుకొచ్చే పడమటి గాలి దాన్ని మధ్యాహ్నం రెండు దాకా గుమ్మంలోనే నిలబెడితే 42 దాటుతుంది. మూడు గంటల ఆలస్యానికి ఐదారు డిగ్రీలు! బులెటిన్ రాసేవాళ్ల పరువంతా ఆ మూడు గంటల్లోనే ఉంటుంది. పైగా సముద్రపు గాలి వచ్చిందంటే డిగ్రీలు దిగుతాయి, తేమ ఎగబాకుతుంది. వడగాలి రద్దయింది, ఉక్కపోత మంజూరైంది.

కంప్యూటర్ మోడల్‌ను అడగొచ్చు కదా అంటారు. అడగొచ్చు. అది దేశాన్ని కొన్ని కిలోమీటర్ల గడులుగా కోసి చూస్తే, తీరంలోని గడిలో సగం నేల, సగం నీళ్లు. రెంటినీ కలిపి సగటు చెబుతుంది. ఆ సగటులో చేపలు బతకలేవు, మనుషులూ బతకలేరు. విశాఖలోనైతే మోడల్ అక్కర్లేకుండానే ఈ తమాషా చూడొచ్చు. సముద్రం పక్కన వాల్తేరులో ఒక స్టేషన్, లోపలికి విమానాశ్రయంలో ఇంకొకటి. వేసవి మధ్యాహ్నాల్లో రెండోది సాధారణంగా వేడిగా ఉంటుంది. పర్యాటకులను పిలిచేవాళ్లకు వాల్తేరు అంకె, ఏసీలు అమ్మేవాళ్లకు ఎయిర్‌పోర్టు అంకె. ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు.

ఐదు రోజుల ముందు మాట ఈ రోజుల్లో బాగానే నిలబడుతోంది. ఎండ ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పమంటేనే చిక్కు. గురువారం గురువారం నాలుగు వారాల అంచనా వస్తుంది గానీ, అందులో ‘సాధారణం కన్నా ఎక్కువ’ అనే మొగ్గు ఉంటుంది తప్ప ఫలానా బుధవారం ఎండ విరుగుతుందని ఉండదు. అది తేల్చేది రుతుపవనాలు. 2023లో అవి జూన్ 8న కేరళను తాకాయి. అప్పుడు అరేబియా సముద్రంలో బిపర్‌జోయ్ తుపాను తిరుగుతోంది, అది గుజరాత్ తీరం దాటేసరికి జూన్ నెల సగమైపోయింది. రుతుపవనాలు రాయలసీమ దాకా వచ్చి చతికిలబడ్డాయి. రోహిణిలో రోళ్లు పగలాలని మన శాస్త్రం. ఆ ఏడాది మృగశిర వచ్చి చేపల కూర తిని చేయి కడుక్కున్నా కోస్తాలో రోళ్లు పగలడం ఆగలేదు. బడులు తెరిచీ తెరవగానే ఒంటిపూట పెట్టారు, ఆపైన దాన్నీ పొడిగించారు. మే నెలలో బంగాళాఖాతంలో తుపాను పుట్టిందని సంబరపడేవాళ్లకు కూడా ఒక మనవి: అది ఒడిశా వైపో మయన్మార్ వైపో పోతే, పోతూ పోతూ మన తేమను లాక్కుని పడమటి పొడిగాలిని మనకు అంటగట్టి పోతుంది.

శాఖవారి సంగతి అలా ఉంటే, శాఖతో పనిలేని పండితులు ఫోన్లలో ఉన్నారు. వీళ్ల పద్ధతి చాలా సులువు. నిన్నటి గరిష్ఠం 40. పొద్దున ఎనిమిదిన్నరకు చూసిన తేమ 80 శాతం. రెంటినీ కలిపి ఫార్ములాలో వేస్తే ‘82 డిగ్రీలు ఉన్నట్టనిపిస్తుంది’ అని వస్తుంది. ఆ వేడికి కోడిగుడ్డు గట్టిపడుతుంది. 40 దగ్గర తేమ నిజంగా 80 ఉంటే మంచుబిందు ఉష్ణోగ్రత, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత, దాదాపు 36 అవ్వాలి. ప్రపంచ రికార్డుగా చెప్పుకునే సౌదీ అరేబియాలోని ధహ్రాన్ అంకే, 2003 జులైలో, 35. పొద్దున 31 డిగ్రీల దగ్గర 80 శాతం ఉన్న అదే తేమ, మధ్యాహ్నం 40 అయ్యేసరికి 49 శాతమే అవుతుంది. అప్పుడు ఇండెక్స్ 54. అది చాలదూ మనిషిని పడగొట్టడానికి? 82 ఎందుకు దండగ?

తడి బల్బును నమ్ముకున్నవాళ్లకు దాని జబ్బులు వేరే. గుడ్డ పల్చటి ముస్లిన్ అయ్యుండాలి, వత్తి కింద సీసాలో డిస్టిల్డ్ వాటర్ ఉండాలి. బోరునీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటుంది. తీరంలో సముద్రపు తుంపర ఆ పని బోరు సాయం లేకుండానే చేసిపెడుతుంది. ఉప్పు పట్టిన గుడ్డ నుంచి నీరు సరిగా ఆరదు, బల్బు చల్లబడదు, తేమ లేనంత ఉన్నట్టు చూపిస్తుంది. గుడ్డ మార్చకుండా తేమను తిట్టుకోవడం మనకు అలవాటే.

ఇదే లెక్క ఇంట్లో కూలర్‌కూ వర్తిస్తుంది. ఏ కూలరైనా తడి బల్బు కన్నా కిందికి పోలేదు. రెంటచింతలలో 46ను 29కి దింపే మంచి కూలర్, బందరులో 36ను 31కి దింపి, చెమటకు తోడుగా ఇంకో బిందెడు తేమను గదిలో పోస్తుంది. కిటికీలు మూసి కూలర్ పెట్టుకున్న ఇల్లు ఇడ్లీ పాత్ర. సముద్రం పక్కన కూలర్ కొన్నవాళ్లు కనీసం కిటికీలు బార్లా తెరిచి, తడి గడ్డి పలకల నీళ్లు ఆపి వాడుకుంటే ఫ్యాన్‌గానైనా ఉపయోగపడుతుంది.

ఇక ఆఖరి దరఖాస్తు మనిషి పోయాక పెట్టేది. వడదెబ్బ మరణమని తేల్చడానికి మండలంలో ముగ్గురు సంతకాలు పెట్టాలి: తహసీల్దారు, ఎస్సై, మెడికల్ ఆఫీసరు. ప్రాణం ఉండగా ఒంటి వేడి 40 దాటినట్టు ఎవరైనా కొలిచి రాసుంటే పని తేలిక. పోస్టుమార్టంలో దానికంటూ ప్రత్యేకమైన గుర్తు దొరకదు. తెల్లవారుజామున మూడింటికి రేకుల ఇంట్లో నిద్రలోనే పోయిన ముసలాయన దగ్గర థర్మామీటరు లేదు. ఎండలో లేడు. ఆ రోజు వడగాలుల జాబితాలో ఆయన మండలం పేరూ లేదు. గుండె ఆగిందని రాస్తే ఒక్క సంతకం చాలు, మధ్యాహ్నం లోపల పని అయిపోతుంది.